రాసినవాళ్లు రిటైరయ్యారు... మెషిన్ మాత్రం డ్యూటీలోనే!

అది 2020 ఏప్రిల్ 4. కరోనా దెబ్బకి న్యూజెర్సీ రాష్ట్రం మొత్తం మూతపడి ఉంది. గవర్నర్ ఫిల్ మర్ఫీ రోజూలాగే విలేకరుల ముందుకొచ్చారు. వైద్య సిబ్బంది వాలంటీర్లుగా ముందుకు రావాలని కోరారు. అంతవరకూ ఎవరికీ ఆశ్చర్యం లేదు. ఆ వరసలోనే కోబాల్ కంప్యూటర్ భాష తెలిసినవాళ్లు కూడా కావాలన్నారు. ఆ పేరు కూడా సరిగ్గా నోరు తిరగక 'కోబాల్ట్' అన్నారు. తమ దగ్గరున్న సిస్టమ్స్ 40 ఏళ్లు పైబడినవని ఆయనే బయటపెట్టారు.

డాక్టర్లకి కొరత అంటే అర్థం చేసుకోవచ్చు. మనవాళ్లు వీధికి పదిమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకుంటున్న న్యూజెర్సీలో, ప్రోగ్రామర్లకి కొరతేమిటి? ఈ ప్రశ్నకి జవాబు వెతికితే అది మన జీతం చెక్కు దాకా, వీసా స్టాంపింగ్ దాకా వస్తుంది. అందుకే ఈ వ్యాసం.

ముందే చెప్పేస్తున్నా, నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాను. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, ఇక్కడ బిల్డింగ్ సైట్లలో సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నవాణ్ణి. అయితే పాత బిల్డింగులకి రిపేర్లు చేయించేవాడికి ఈ సంగతి బాగానే అర్థమవుతుంది.

ఆ రోజుల్లో జరిగిందేమిటి?

2020 మార్చి చివరి రెండు వారాల్లో న్యూజెర్సీలో 3 లక్షల 62 వేల మందికి పైగా నిరుద్యోగ భృతికి దరఖాస్తు చేసుకున్నారు. దేశం మొత్తం మీద మార్చి 28తో ముగిసిన ఒక్క వారంలోనే 66 లక్షల దరఖాస్తులు దాటాయి. దానికి తోడు, అంతకుముందు రోజే, అంటే మార్చి 27న, వచ్చిన కేర్స్ చట్టం ప్రకారం వారానికి అదనంగా 600 డాలర్లు కలపాలి. కొత్త లెక్క వచ్చిందంటే ప్రోగ్రామ్‌లో కొత్త లైన్లు రాయాలి. రాసేవాళ్లేరీ?

ఏప్రిల్ 10 నుంచి న్యూజెర్సీలో అత్యవసరం కాని కన్‌స్ట్రక్షన్ పనులు కూడా ఆపేశారు. మళ్లీ మే 18న గానీ మొదలు కాలేదు. అంటే కూలి డబ్బులు ఆగిపోయిన ఆ ఐదు వారాల్లోనే భృతి ఇచ్చే కంప్యూటర్ కూడా ఊపిరాడక కొట్టుకుంటోంది. ఎడ్లు అలిసిపోయిన రోజే బండి కూడా దిగబడినట్టయింది కార్మికుడి పని.

ఒక్క న్యూజెర్సీ సంగతే కాదిది. కనెక్టికట్, కాన్సస్ రాష్ట్రాల్లో కూడా పాత సిస్టమ్స్ గురించి ఇవే మాటలు వినపడ్డాయి.

కోబాల్ గురించి రెండు ముక్కలు. 1959లో అమెరికాలో ప్రభుత్వం, కంపెనీలు, పరిశోధకులు కలిసి కూర్చుని తయారుచేసిన భాష ఇది. జీతాలు, పన్నులు, బ్యాంకు ఖాతాలు, బీమా లాంటి లెక్కల కోసమే పుట్టింది. ఆ పనిలో ఈ రోజుకీ గట్టి భాషే. ఇక్కడ సోషల్ సెక్యూరిటీ శాఖలో 6 కోట్లకు పైగా కోబాల్ లైన్లు ఉన్నాయని ఆ శాఖే 2017లో రాసుకుంది. ప్రతి ఏప్రిల్‌లో మనం కట్టే పన్నుల ఖాతాల అసలు ఫైలు కూడా 1960ల నాటిదే.

అమీర్‌పేట జ్ఞాపకం ఉందా?

ఈ కథలో మన తెలుగువాళ్ల పాత్ర చిన్నదేం కాదు. పాతకాలంలో కంప్యూటర్ మెమరీ బంగారంతో సమానం. అందుకని సంవత్సరాన్ని నాలుగు అంకెలకి బదులు రెండు అంకెల్లోనే రాసేవాళ్లు. 1975 అంటే 75. మరి 2000 వస్తే? 00. దాన్ని కంప్యూటర్ 1900 అనుకుంటే వడ్డీలు, వయసులు, పెన్షన్లు అన్నీ తారుమారు. అదే వైటూకే.

లక్షల లైన్లు వెతికి సరిచేయడానికి మనుషులు కావాల్సొచ్చింది. 1998లో అమెరికా చట్టం మార్చి హెచ్-1బి వీసాల పరిమితిని 65 వేల నుంచి 1 లక్షా 15 వేలకు పెంచింది. హైదరాబాద్ అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల బోర్డులు మెట్ల మీద కూడా వేలాడిన కాలం అది. అప్పటికి నేనింకా స్కూల్లో ఉన్నా. మా వీధిలో అన్నయ్యలు కోబాల్, మెయిన్‌ఫ్రేమ్ అని చెప్పుకుంటూ తిరగడం, ఒక్కొక్కరే విమానం ఎక్కడం బాగా గుర్తు.

ఆ అన్నయ్యలు చేసిన పని గట్టిదే. 2000 జనవరి 1న ప్రపంచం ఆగిపోలేదు. అయితే చాలాచోట్ల జరిగింది పూర్తి మార్పు కాదు, మరమ్మతు. కొన్నిచోట్ల సంవత్సరాన్ని నాలుగు అంకెలకి మార్చారు. ఇంకొన్నిచోట్ల 'ఇంత లోపు అంకె వస్తే 2000ల కింద, దాటితే 1900ల కింద లెక్కపెట్టు' అని ఒక సర్దుబాటు పెట్టి వదిలేశారు. తర్వాత అందరూ జావా వైపు, కొత్త టెక్నాలజీల వైపు వెళ్లిపోయారు. తప్పు పట్టడానికి లేదు, జీతం ఎక్కడుంటే బతుకు అక్కడికే పోతుంది. కొత్త తరం కోబాల్ నేర్చుకోలేదు. పాత తరం రిటైరైంది. మెషిన్ మాత్రం డ్యూటీలోనే ఉండిపోయింది.

అందుకే 2020లో ఐబీఎం, ఓపెన్ మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్ట్ కలిసి హడావుడిగా ఉచిత కోబాల్ పాఠాలు మొదలుపెట్టాయి. టెక్సాస్‌లో అయితే రిటైరైన ప్రోగ్రామర్లని పిలిపించి పని చేయించే కోబాల్ కౌబాయ్స్ అనే కంపెనీ అంతకుముందు నుంచే ఉంది. పేరు నవ్వొచ్చేలా ఉన్నా అవసరం నవ్వులాట కాదు.

పాతదైతే చెడ్డదేనా?

కాదు. నా ఉద్దేశంలో అసలు విషయం ఇక్కడుంది.

మార్ హిక్స్ అనే కంప్యూటర్ చరిత్ర పరిశోధకులు 2020లోనే ఈ న్యూజెర్సీ సంగతి మీద రాశారు. లోపలున్న కోబాల్ ప్రోగ్రామ్ పని చేస్తూనే ఉందని, జనం దరఖాస్తు పెట్టుకునే వెబ్‌సైట్ దగ్గరే చిక్కు వచ్చిందని వారి వాదన. అంటే ముసలాయన బాగానే ఉన్నాడు, తలుపు దగ్గర నిలబడ్డ కుర్రాడు తడబడ్డాడు. అయినా నింద అంతా ముసలాయన మీదికే పోయింది. ఎందుకని? ఆ సిస్టమ్ లోపల ఏముందో చూసి చెప్పగలిగిన మనుషుల్ని ఏళ్ల తరబడి తగ్గించుకుంటూ వచ్చారు కాబట్టి.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. బిల్డింగ్ పూర్తయ్యాక 'యాజ్-బిల్ట్' డ్రాయింగులు ఇవ్వాలి. ప్లాన్‌లో గీసింది ఒకటైతే సైట్‌లో కట్టింది ఇంకొకటి అయి ఉంటుంది. పైపు రెండడుగులు పక్కకి జరిగి ఉంటుంది, ఒక బీమ్ పెరిగి ఉంటుంది. నిజంగా ఏం కట్టామో అది గీసి ఓనర్ చేతిలో పెట్టాలి. ఆ డ్రాయింగ్ ఉంటే వందేళ్ల బిల్డింగ్‌ని కూడా ధైర్యంగా విప్పి కట్టొచ్చు. డ్రాయింగ్ లేకపోతే ఇరవై ఏళ్ల బిల్డింగ్‌లో గోడకి డ్రిల్ పెట్టాలన్నా చెయ్యి వణుకుతుంది.

కొన్నేళ్ల కిందట ఒక ఆఫీసు బిల్డింగ్ రినొవేషన్‌లో ఉన్నాను. ఎలక్ట్రికల్ ప్యానెల్ మార్చడానికి ఒక శనివారం కరెంటు తీసేయాలి. ముందురోజు ఆ బిల్డింగ్ మెయింటెనెన్స్ చూసే పెద్దాయన నన్ను బేస్‌మెంట్‌కి తీసుకెళ్లాడు. బాయిలర్ పక్క గదిలో, దుమ్ము కొట్టుకుపోయిన ఒక పాత కంప్యూటర్. దాని మీద చేత్తో రాసి అంటించిన కాగితం: 'ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపకండి'. బిల్డింగ్ మొత్తం వేడి, చల్లదనం దాని చేతిలోనే ఉన్నాయి. పెట్టిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగిన హార్డ్ డిస్క్ ఒకసారి ఆగి చల్లబడితే మళ్లీ తిరుగుతుందని నమ్మకం లేదు. చలికాలం. అది లేవకపోతే పైపుల్లో నీళ్లు గడ్డకట్టి పగులుతాయి. పెద్దాయనకి ఇంకో రెండు నెలల్లో రిటైర్‌మెంట్!

ఆ గదికి మాత్రం విడిగా జనరేటర్ లైను ఇచ్చాం. తర్వాత రెండు సాయంత్రాలు ఆయన పక్కన కూర్చుని, ఏ స్క్రీన్‌లో ఏ నంబరు నొక్కితే ఏ వాల్వ్ తెరుచుకుంటుందో ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాం. వైర్లన్నిటికీ లేబుళ్లు అంటించాం. ఓనర్లు ఆ తర్వాత కొత్త కంట్రోలర్ పెట్టించుకున్నప్పుడు, కొత్త కంపెనీవాళ్లు ముందు అడిగింది ఆ నోట్‌బుక్కే. ఇరవై ఏళ్లలో ఆ బిల్డింగ్‌కి దొరికిన మొదటి డ్రాయింగ్ అదే అనుకోవాలి.

రైళ్లు, విమానాలు కూడా...

బేస్‌మెంట్‌లో ఒక కంప్యూటర్ అంటే సరే. ఊరంతా ఎక్కే రైళ్ల సంగతి చూడండి. శాన్‌ఫ్రాన్సిస్కో మార్కెట్ స్ట్రీట్ కింద సొరంగంలో నడిచే మ్యూనీ రైళ్లని నియంత్రించే సిస్టమ్ 1998లో పెట్టింది. మన చిన్నప్పుడు కంప్యూటర్ ల్యాబ్‌లో చూసిన పెద్ద సైజు ఫ్లాపీలు, ఐదుంపావు అంగుళాలవి, వాటి నుంచి రోజూ పొద్దున సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తేనే అది మొదలవుతుంది. దాన్ని మార్చడానికి 2024 అక్టోబర్‌లో హిటాచీ రైల్ కంపెనీకి 21 కోట్ల 20 లక్షల డాలర్ల కాంట్రాక్టుకి ఆమోదం ఇచ్చారు. అమెరికా అణ్వాయుధ బలగాల సమాచార వ్యవస్థ అయితే 1970ల నాటి కంప్యూటర్ మీద, ఎనిమిదంగుళాల ఫ్లాపీలతో 2019 దాకా నడిచింది.

ఇక విమానాలు. 2022 డిసెంబర్‌లో మంచు తుపాను వచ్చింది. మిగతా ఎయిర్‌లైన్స్ రెండు మూడు రోజుల్లో తేరుకున్నాయి. సౌత్‌వెస్ట్ మాత్రం తేరుకోలేకపోయింది. ఏ పైలట్ ఎక్కడున్నాడో, ఏ సిబ్బందిని ఏ విమానం ఎక్కించాలో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ అన్ని మార్పులని ఒకేసారి తట్టుకోలేదు. పైలట్లు మేం ఇక్కడున్నాం అని చెప్పడానికి గంటల తరబడి ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. 16,900 విమానాలు రద్దయ్యాయి. 20 లక్షల మందికి పైగా ప్రయాణికులు పండగ పూట చిక్కుకుపోయారు. 2023 డిసెంబర్‌లో రవాణా శాఖ 14 కోట్ల డాలర్ల జరిమానా ప్రకటించింది. ఈ సాఫ్ట్‌వేర్ పాతదైపోయిందని పైలట్ల సంఘం ముందు నుంచీ మొత్తుకుంటూనే ఉంది.

2025 ఏప్రిల్ 28న ఇంకా భయంకరమైనది జరిగింది. మనవాళ్లు ఇండియా వెళ్లడానికి ఎక్కే న్యూవార్క్ ఎయిర్‌పోర్టుకి వచ్చిపోయే విమానాలని ఫిలడెల్ఫియా నుంచి చూసే కంట్రోలర్లకి రాడార్, రేడియో రెండూ దాదాపు 90 సెకన్లు పోయాయి. పైన విమానాలున్నాయి, కింద స్క్రీన్ చీకటి. పాత రాగి తీగల లైన్లని తీసి ఫైబర్ వేస్తామని విమానయాన శాఖ ఆ తర్వాత చెప్పింది. ఈ ప్రమాదం గురించి ముందే హెచ్చరికలున్నాయి. 2024 సెప్టెంబర్‌లో ప్రభుత్వ తనిఖీ సంస్థ జీఏఓ లెక్క తీసింది. ఆ శాఖ దగ్గరున్న 138 సిస్టమ్స్‌లో 51 ఇక నిలబెట్టడం సాధ్యం కానివి, ఇంకో 54 ఆ దారిలో ఉన్నవి. కారణాలేమిటో కూడా రాశారు. స్పేర్ పార్టులు దొరకడం లేదు, డబ్బు చాలడం లేదు, తెలిసిన మనుషులు లేరు.

మరి మార్చేయొచ్చుగా?

మనలో చాలామందికి వచ్చే ప్రశ్నే. జవాబు కెనడాలో ఉంది. అక్కడి కేంద్ర ప్రభుత్వం 40 ఏళ్ల నాటి జీతాల సిస్టమ్‌ని తీసేసి 2016 ఫిబ్రవరిలో ఫీనిక్స్ అనే కొత్తదాన్ని మొదలుపెట్టింది. డబ్బు ఆదా అవుతుందని జీతాల లెక్కలు చూసే దాదాపు 700 ఉద్యోగాలని తీసేసింది. తీరా చూస్తే ఒకరికి జీతం తక్కువ, ఒకరికి ఎక్కువ, కొందరికి అసలే లేదు. లక్షన్నర దాటిన మందికి తేడాలొచ్చాయి. ఏళ్ల తరబడి సరిచేస్తూనే ఉన్నారు. ఆదా అనుకున్నది వందల కోట్ల డాలర్ల ఖర్చయింది.

పాత సిస్టమ్‌లో చిక్కులు ఎక్కడున్నాయో ఎరిగిన మనుషుల్ని ముందే పంపేసి కొత్తది కట్టారు. పాత మేస్త్రీని పొమ్మని, డ్రాయింగ్ లేకుండా గోడలు కొట్టినట్టు. అందుకే అధికారులు భయపడతారు. మార్చాలంటే భయం, ఉంచాలంటే ఖర్చు. అమెరికా కేంద్ర ప్రభుత్వం కంప్యూటర్ల మీద ఏడాదికి పెట్టే 10 వేల కోట్ల డాలర్లకు పైగా ఖర్చులో దాదాపు 80 శాతం, ఉన్నవాటిని నడపడానికే పోతోందని జీఏఓ చెబుతోంది.

మనకేమిటి సంబంధం?

చాలా ఉంది. సిస్టమ్ ఆగితే డబ్బున్నవాడు నెల ఆగగలడు. మనలాగా వారం కూలి మీద, గడువున్న వీసా మీద ఉన్నవాడు ఆగలేడు. 2015 జూన్‌లో అమెరికా విదేశాంగ శాఖలో వీసాల వేలిముద్రల తనిఖీకి వాడే హార్డ్‌వేర్ చెడిపోయి దాదాపు రెండు వారాలు ప్రపంచమంతా వీసాల జారీ స్తంభించింది. అప్పుడు మెక్సికో సరిహద్దులో వెయ్యికి పైగా వ్యవసాయ కూలీలు ఇరుక్కుపోయారు. ఇవతల పంట కోతకొచ్చి ఉంది, అవతల కోసే చేతులు ఖాళీగా ఉన్నాయి.

మన పేర్ల సంగతి ఇంకోటి. ఇంటిపేరు ముందు, రెండు మూడు పేర్లు కలిపి ఒకటి. ఈ సిస్టమ్స్ ఇక్కడి చిన్న చిన్న పేర్ల కొలతకి కుట్టిన చొక్కాలు. పాస్‌పోర్టులో ఒకలా, జీతం కాగితంలో ఒకలా పడుతుంది. పేరూ సోషల్ సెక్యూరిటీ నంబరూ కలవకపోతే మీరు కష్టపడ్డ జీతం మీ ఖాతాలో పడకుండా, ఎవరిదో తేలని జీతాల పద్దులోకి పోతుంది. అది ఎవరూ ఫోన్ చేసి చెప్పరు.

కాబట్టి ఈ పనులు చేసుకోండి:

• జీతం స్లిప్పులు, ప్రతి ఏడాది డబ్ల్యూ-2 ఫారం కాగితం మీద తీసి ఒక ఫైల్లో పెట్టండి. కంపెనీ మారితే పాత కంపెనీ వెబ్‌సైట్ మీకు తెరుచుకోదు.

• ఏడాదికి ఒక్కసారైనా సోషల్ సెక్యూరిటీ వెబ్‌సైట్‌లో మీ జీతాల పట్టిక చూసుకోండి. తప్పు సరిచేయించుకోవడానికి మామూలుగా ఆ ఏడాది ముగిశాక 3 సంవత్సరాల 3 నెలల 15 రోజులే గడువు.

• దేశంలోకి వచ్చిన ప్రతిసారీ ఐ-94 తీసి, పేరు, గడువు తేదీ సరిచూసుకుని ప్రింటు పెట్టుకోండి. ఐ-797 కాగితాలు ఒక్కటీ పారేయొద్దు.

• గల్ఫ్‌లో ఉన్న అన్నదమ్ములు ఒప్పందం కాపీ, పాస్‌పోర్టు కాపీ, జీతం పడిన రుజువు, ఒక సెట్టు ఊళ్లో ఇంటి దగ్గర కూడా ఉంచండి.

ఇది చాదస్తం కాదు. కంప్యూటర్‌లో కనపడటం లేదని కౌంటర్ దగ్గర చెప్పినప్పుడు, కాగితం ఉన్నవాడితో మాట్లాడే పద్ధతే వేరుగా ఉంటుంది.

ఇక సాఫ్ట్‌వేర్‌లో ఉన్న మన తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. మా కన్‌స్ట్రక్షన్‌లో పని అయిపోయినా, యాజ్-బిల్ట్ డ్రాయింగులూ మెషిన్ల మాన్యువల్సూ ఇచ్చేదాకా సాధారణంగా ఆఖరి బిల్లు ఆపుతారు. తిట్టుకుంటూనే ఇస్తాం, కానీ ఇస్తాం. మీ ఫీల్డ్‌లో ప్రాజెక్టు అయిపోగానే టీమ్ ఇంకో ప్రాజెక్టుకి పోతుంది. ఏం కట్టారో రాసి ఇమ్మని చాలాచోట్ల ఎవరూ గట్టిగా అడగరు, బిల్లు ఆపరు. ఎవరూ అడగకపోయినా మీరే రాసి పెట్టండి. ఈ రోజు మీరు రాస్తున్న కొత్త ప్రోగ్రామ్ ఇంకో ముప్ఫై ఏళ్లకి పాతదే. ఆ రోజు దాని ముందు నిలబడేది ఊరుకాని ఊళ్లో జీతం కోసం ఎదురుచూసే ఎవరో ఒక కూలిమనిషి అయ్యుంటాడు.